గంజి పంచె మాస్టారు

మా మాస్టారు పోయారు. తాడేపల్లిగూడెం నుంచి ఆయన మనవడు బస్సెక్కి ఏలూరు వచ్చి, మా వీధరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు చెప్పాడు. "తాతగారు మొన్న పొద్దున్నే పోయారండీ. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలా వెనక్కి వాలిపోయారు. మీకు చెప్పకపోతే ఊరుకోరని అమ్మ పంపింది" అన్నాడు. "ఎవరు ఊరుకోరు, నేనా?" అన్నాను. "కాదండీ, తాతగారే" అన్నాడు ఆ అబ్బాయి. పోయిన మనిషి ఊరుకోకపోవడమేమిటని నాకూ అనిపించలేదు.

తొంభై దాటేదాకా బతికి, ఒకరి చేత చేయించుకోకుండా పోయారు, ఇంకేం కావాలి అంటున్నారు అందరూ. నిజమే. అయినా నాకు ఏడుపొచ్చింది. డెబ్బై దాటినదాన్ని, కొంగు నోట్లో కుక్కుకుని చంటిపిల్లలా ఏడ్చాను. మా కోడలు కంగారుపడి ఫ్యాను వేసింది.

ఆయన సంగతి చెప్పాలంటే ముందు మా ఊరి సంగతి చెప్పాలి. కొల్లేట్లో లంక అంటే చుట్టూ నీళ్ళున్న ఊరు. నేను చెప్పేది పందొమ్మిది వందల ముప్పైల నాటి మాట, ఇంకా తెల్లదొరల పాలనే. మా మగాళ్ళంతా తెల్లారకుండా తాటిదోనెలు వేసుకుని చేపల వేటకి పోయేవాళ్ళు. జిల్లా బోర్డు వాళ్ళు పెట్టిన బడి ఊళ్ళో లేదు, ఊరికి ఎదురుగా ఉన్న దిబ్బ మీద ఉంది. ఎండాకాలం ఊరికీ దిబ్బకీ మధ్య ఉత్త నేల, నడిచిపోవచ్చు. వానలు పడ్డాయంటే ఆ పల్లమంతా నీరు నిలిచిపోతుంది, పెద్దవాళ్ళకి తొడల్లోతు, పిల్లలకి నడుముదాకా. కార్తీకం వెళ్ళేదాకా పిల్లలు ఆ నీళ్ళలో నడిచే బడికి వెళ్ళాలి. దోనెలన్నీ అప్పటికే వేటకి పోయి ఉంటాయి మరి.

అలాంటి ఊళ్ళో మగపిల్లాడికి బట్టలంటే మొలతాడూ, దానికో గోచీ గుడ్డా. చొక్కా లేదని కాదు. ఉంది, పెట్టెలో ఉంది. పెళ్ళికి తీస్తారు, ఏలూరు వెళ్తే తీస్తారు, మళ్ళీ మడిచి పెట్టెలో పెడతారు. రోజూ చొక్కా తొడుక్కునేవాణ్ణి చూస్తే మా ఊళ్ళో "ఏరా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగేవాళ్ళు.

ఆ బడికి ఈయన కామవరపుకోట వైపు నుంచి వచ్చారు. మెట్ట మనిషి. ఆయనెరిగిన నీళ్ళన్నీ నూతిలో నీళ్ళే. పాతికేళ్ళు కూడా ఉండవు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, నల్లకోటు, తలపాగా, చంకలో గొడుగు. మా బాబాయి తన దోనెలో తీసుకొచ్చాడు. దోనెలో కూర్చుంటే పంచె నలుగుతుందని ఆయన దారి పొడుగునా నిలబడే వచ్చారట. తాటిదోనెలో నిలబడి రావడమంటే మాటలు కాదు, మా వాళ్ళే భయపడతారు. "అదిగో ఇటు ఒరిగారు, అదిగో అటు ఒరిగారు అనుకుంటా తోసుకొచ్చానొదినా, నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఈత వచ్చా అండీ అనడిగితే, ఎందుకండీ అన్నారు" అని మా అమ్మతో చెప్పి బాబాయి లబలబలాడాడు.

బడి వెనకాలే ఓ పాక వేసి ఇచ్చారు ఆయనకి. అక్కడే వంట, అక్కడే పడక. మొదటి రోజు బడిలోకి అడుగుపెట్టి చూస్తే మగపిల్లలంతా గోచీలతో, జుట్లలోంచి నీళ్ళు కారుతూ వరసగా కూర్చుని ఉన్నారు. ఆయన కాసేపు గడపలోనే నిలబడిపోయారు. "ఒరేయ్, ఇది బడిరా, స్నానాలరేవు కాదు. రేపట్నుంచి ఒంటి మీద బట్ట లేకుండా ఎవడూ ఈ గడప దాటడానికి వీల్లేదు. చొక్కా తెచ్చుకోండి" అన్నారు.

మర్నాడు అందరూ చొక్కాలు తెచ్చారు. నీళ్ళలో తడవకుండా నెత్తికి చుట్టుకుని తెచ్చారు. తెచ్చినవాళ్ళు తెచ్చినట్టే కూర్చున్నారు.

"ఇదేంట్రా?" అన్నారు మాస్టారు.

"చొక్కా అండీ."

"చొక్కా నెత్తి మీద ఉంటుందిట్రా?"

"మరి మీరూ నెత్తికే చుట్టుకున్నారు కదండీ" అన్నాడు మా పెదనాన్నగారి అబ్బాయి, ఆయన తలపాగా చూపించి. నాకు అన్నయ్యే, కానీ వాడి నోటికి హద్దూ పద్దూ ఉండేది కాదు. మాస్టారు తలపాగా తీసి బల్ల మీద పెట్టి, "ఇప్పుడు దింపు" అన్నారు. వాడు దింపాడు. ఆ రోజు నుంచి బడిలో ఉన్నంతసేపూ ఆయన తలపాగా పెట్టుకోలేదు.

వారం తిరక్కుండా ఇంకో చిత్రం. మగపిల్లలు ఆలస్యంగా రావడం మొదలెట్టారు, చొక్కాలు చూస్తే తడిగుడ్డలు. సంగతేమిటంటే, చొక్కా చేతులు రెండూ ముడేసి, మెడ కూడా ముడేసి, కింది అంచు చెరోవైపు పట్టుకుని నీళ్ళలో తోడితే చిన్నచేపలు ఎన్ని పడతాయో! అంతకుముందు మా ఊళ్ళో ఎవరూ చొక్కాని నీళ్ళలోకి దింపి ఎరగరు కాబట్టి ఈ సంగతి పెద్దవాళ్ళకి కూడా తెలీదు. "చొక్కాలో ఇంత గుణముందంట్రా!" అని మా పెదనాన్న ముక్కు మీద వేలేసుకున్నాడు. ఓ రోజు మాస్టారు హాజరు తీసుకుంటుంటే ఎవడి జేబులోంచో చేపపిల్ల ఎగిరి బల్ల మీద పడింది. కొడతారనుకుని అందరం బిగుసుకుపోయాం. ఆయన దాన్ని తోక పట్టుకుని పైకెత్తి, "ఇదీ చొక్కా లేకుండానే వచ్చింది. దీన్నేం చెయ్యమంటారు?" అని నవ్వారు. ఆ నవ్వు చూశాక మాకు ఆయనంటే భయం పోయింది. భయం పోయాక చదువొచ్చింది, అది వేరే సంగతి.

దసరా ముందు ఏలూరు నుంచి దర్జీ సాయిబుగార్ని పిలిపించారు, తన జీతంలోంచి గుడ్డ కొని. సాయిబుగారు దోనెలో వాంతి చేసుకుంటూ వచ్చారు. మళ్ళీ ఈ జన్మలో ఈ నీళ్ళెక్కనని ఒట్టు పెట్టుకుని, మా అన్నయ్యొక్కడి కొలత తీసుకుని వెళ్ళిపోయారు. అందరి చొక్కాలూ ఆ కొలతకే వచ్చాయి. చిన్నవాళ్ళకి మోకాళ్ళు దాటాయి, పెద్దవాళ్ళకి బొడ్డు కనిపించింది. మాస్టారు బడిలో ఓ దండెం కట్టి వాటిని దాని మీద వేశారు. "ఇవి మీవి కాదు, బడివి. ఇంటికి పోవు, నీళ్ళలోకి రావు. మీరు నీళ్ళు దాటొచ్చి, ఒళ్ళు తుడుచుకుని, తొడుక్కుని కూర్చోండి" అన్నారు. ఆదివారం ఆదివారం కుంకుడుకాయలు కొట్టి ఆయనే ఉతికేవారు. పంతులుగారు పిల్లల బట్టలుతకడమేమిటండీ, బాగోదండీ అని ఊరి పెద్దలొచ్చి చెప్పారు. "నా బడి చొక్కాలండీ, నేను కాకపోతే ఎవరుతుకుతారండీ" అని పిండుతూనే మాట్లాడి పంపించేశారు.

ఆయన కోటు అంచుకి ఎప్పుడూ దారం ఎక్కించిన సూది గుచ్చి ఉండేది. లెక్క చెబుతూ చెబుతూ ఆగి, ఎవడి గుండీ ఊడిందో చూసి, వాణ్ణి దగ్గరికి పిలిచి కుట్టేసి, దారం పంటితో కొరికి, మళ్ళీ లెక్క అందుకునేవారు. ఎవడైనా సిగ్గుపడి చొక్కా చేత్తో మూసుకుంటే, "ఊడిన గుండీకి లేని సిగ్గు నీకెందుకురా?" అనేవారు. "చినిగితే తప్పు లేదు, మాసితే తప్పు" అనేవారు. ఈ మాట ఇప్పటికీ మా ఇంట్లో అంటాం. మా మనవలు జీన్సు ప్యాంట్లు చింపుకుని వేసుకుంటే, ఇది కూడా మీ మాస్టారి మాటేనా మామ్మా అని నన్నే ఏడిపిస్తారు.

చొక్కా కోసం ఇంత యాగీ ఎందుకండీ అని మా బాబాయి ఓసారి అడిగాడు. మాస్టారు ఇలా అన్నారు: "వీళ్ళు రేపు ఏలూరో, గూడెమో వెళ్తారు కదండీ. అక్కడ ముందు లెక్కలు అడగరు. చొక్కా చూసి, కూర్చోమనాలో నిలబడమనాలో అప్పుడే అనేసుకుంటారు. మావాళ్ళు నిలబడకూడదండీ." వచ్చి మూడు నెలలు కాలేదు, "మావాళ్ళు" అనేశారు. మా బాబాయి ఆ రోజు నుంచి ఆయన్ని దోనె ఎక్కించుకున్నందుకు కేవు డబ్బులు పుచ్చుకోలేదు.

పెళ్ళిళ్ళ కాలం వస్తే మాత్రం బడి దగ్గర తల్లుల సందడి. ఇంటి చొక్కాలన్నీ చేపలు తోడి తోడి చిరిగిపోయాయి మరి. "ఏవండీ పంతులుగారూ, రెండు రోజులు చొక్కా ఇప్పించండి, మళ్ళీ పంపిస్తాం." ఇచ్చేవారు పాపం. ఒకసారి వేరే ఊరి పెళ్ళివారు మా పిల్లల్ని చూసి, ఒకే గుడ్డ, ఒకే కుట్టు, ఎవరికీ సరిపోని ఒకే కొలత, మీ ఊళ్ళో మగపిల్లలంతా కవలలా అని అడిగారట.

ఇదంతా మగపిల్లల గొడవ. ఆడపిల్లలం ఐదుగురం ఉన్నాం, మాతో ఆయనకి ఏ పేచీ లేదు. పరికిణీ, జాకెట్టు, నూనె రాసి వేసిన జడ. పద్ధతి నేర్చుకోవాలంటే వీళ్ళని చూడండిరా అని మమ్మల్ని చూపించేవారు. పరికిణీ తడవకుండా నీళ్ళు ఎలా దాటేవాళ్ళమో ఆయన ఆలోచించలేదు. ఎలా దాటుతాం? రెండు చేతులా పైకెత్తి పట్టుకుని దాటేవాళ్ళం. పక్కనే మగపిల్లలు. చిన్నప్పుడు ఎవరు పట్టించుకుంటారు గనక!

నాకు పదకొండో ఏడు వచ్చింది. ఆ ఏడు వానలు పడి పల్లం నిండగానే మా నాయనమ్మ బడి మానిపించేసింది. మా ఇంట్లో నాయనమ్మ మాటంటే మాటే, దానికి మా నాన్న కూడా ఎదురు చెప్పడు. ఎండాకాలమంతా నడిచి వెళ్ళాను, ఆవిడేమీ అనలేదు. నీళ్ళు రాగానే నా పలక తీసి అటక మీద పెట్టేసింది.

నాకు చదువంటే ప్రాణం. ఐదో తరగతి పూర్తయితే ఏలూరులో ఆడపిల్లల బడి ఉందనీ, అక్కడే ఉండి చదువుకోవచ్చనీ మాస్టారు చెప్పి ఉన్నారు. ఒక్క ఏడాది మిగిలింది. రోజూ గట్టు మీద నిలబడి, మిగతా పిల్లలు నీళ్ళు దాటుతుంటే చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చేదాన్ని.

నాలుగో రోజున మాస్టారు బాబాయి దోనెలో మా ఇంటికి వచ్చారు. పంచె, కోటు, తలపాగా, అన్నీ ఉన్నాయి. నాయనమ్మ అరుగు మీద వల బాగుచేసుకుంటోంది. లేచి నిలబడింది గానీ చేతిలో వల దింపలేదు.

"పిల్లని ఎందుకు మానిపించారు మామ్మగారూ? బాగా చదువుతోందండీ."

"చదువుతాదండీ, కాదన్లేదు. ఒక్క మాట అడుగుతాను, చెప్పండి పంతులుగారూ. ఒంటి మీద నిండా గుడ్డ లేందే బడి గడప తొక్కకూడదని మీరే కదండీ పెట్టారు?"

"అవునండీ."

"మంచి మాటే పెట్టారు. మా పిల్లకి ఒంటి నిండా గుడ్డుంటే నీళ్ళు దాటదు. నీళ్ళు దాటాలంటే ఒంటి నిండా గుడ్డుండదు. ఎదిగే పిల్ల, మగపిల్లల మధ్యన గుడ్డ పైకెత్తుకుని నడవాలి. మీకేది కావాలో మీరే చెప్పండి, ఆయ్."

మాస్టారి మాటే ఆయనకి ఎదురొచ్చి నిలబడింది. మజ్జిగ ఇస్తే తాగి, వస్తానండీ అని వెళ్ళిపోయారు. తలుపు చాటున నిలబడి నేను, అయిపోయింది, నా చదువు మాస్టారి మజ్జిగ గ్లాసుతో సరి అనుకున్నాను.

రెండు రోజులు పోయాక మళ్ళీ వచ్చారు. ఈసారి అరుగు మీద కూర్చున్నారు, పంచె నలుగుతుందని చూడకుండా.

"ఒక పద్ధతి ఆలోచించానండీ. ముందు ఆడపిల్లలు దాటతారు. వాళ్ళు దాటేదాకా మగపిల్లలు ఈ గట్టు మీద ఊరివైపు తిరిగి నిలబడి పదమూడో ఎక్కం చెబుతారు, గట్టిగా, అవతలి గట్టు మీద నాకు వినబడేలా. ఎక్కం అయ్యేసరికి ఆడపిల్లలు దిబ్బెక్కేస్తారు. సాయంత్రం ముందు మగపిల్లల్ని పంపించేస్తాను."

"మరి మీరో?"

"నేను బడి గోడవైపు తిరిగి నిలబడతానండీ."

"ఎవడైనా దొంగచూపు చూస్తే?"

"వెనక్కి తిరిగి అరిచే గొంతుకీ, ఇటు తిరిగి అరిచే గొంతుకీ తేడా నాకు తెలుస్తుందండీ. అలా తిరిగినవాడికి ఇరవయ్యో ఎక్కం."

నాయనమ్మ నవ్వాపుకుంటూ వల ముడి బిగించింది. "పిల్లలకి తోడెవరు?"

"మీరే రావాలండీ. మీకంటే నీళ్ళు తెలిసినవాళ్ళెవరున్నారు?"

ఆవిడ వల మడిచి పక్కన పెట్టింది. "చూద్దాం లెండి. ఒక్క తేడా వచ్చిందా, పిల్ల ఇంట్లోనే. మళ్ళీ మీరు దోనెక్కి రావద్దు" అంది చివరికి.

అలా మొదలైంది. పొద్దున్నే నాయనమ్మ చీర గోచీ బిగించి, చేతిలో గెడతో లోతు చూసుకుంటూ ముందు నడిచేది. వెనకాల మేము ఐదుగురం. మా వెనక గట్టు మీద మగపిల్లలు ఊరివైపు తిరిగి, "పదమూడు ఒకట్లు పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవయ్యారు" అని గొంతు చించుకునేవాళ్ళు. ఎదురుగా దిబ్బ మీద మాస్టారు గోడకి ముఖం పెట్టి నిలబడి ఉండేవారు, తప్పు చేసిన పిల్లాడిలా, చేతులు కట్టుకుని. ఆ పక్కన పోయే దోనెలవాళ్ళు ఆగి మరీ చూసి నవ్వేవాళ్ళు. ఆయన మాత్రం ఒక్కనాడు కూడా తల తిప్పలేదు. అంత చదువుకున్న మనిషి, అంత గంజి పెట్టి ఇస్త్రీ చేసుకునే మనిషి, మా పరికిణీల కోసం రోజూ గోడ చూస్తూ నిలబడ్డారు. అప్పుడు మాకూ నవ్వే వచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

నెల్లాళ్ళు బాగానే సాగింది. తర్వాత మగపిల్లలకి ఎక్కం బాగా నలిగిపోయి, పందెం వేసుకుని పరిగెత్తించడం మొదలుపెట్టారు. ఓ రోజు నేను అందరికంటే వెనకబడ్డాను. నడి నీళ్ళలో ఉండగానే వెనక నుంచి "పదమూడు పదులు నూటముప్పై!" అని వినబడింది. ఎక్కం అయిపోయింది, ఇక ఇటు తిరిగేస్తారు. ఎత్తి పట్టుకున్న పరికిణీ గభాలున వదిలేశాను. అది నీళ్ళలో కాళ్ళకి చుట్టుకుంది. అడుగు పక్కకి పడి, గోతిలోకి జారిపోయాను. ఒక్క కేక మాత్రం వేయగలిగాను.

ఆ తర్వాత జరిగింది మిగతా నలుగురు పిల్లలూ చెప్పగా విన్నదే ఎక్కువ. నా కేక వినగానే మాస్టారు గోడ వదిలి, కోటుతో, చెప్పులతో నీళ్ళలోకి దూకారు. ఈత రాని మనిషి! నాలుగడుగులు వేసేసరికి గంజి పెట్టిన పంచె నీళ్ళలో గొడుగులా విచ్చుకుని, ఆ మీదట కాళ్ళకి చుట్టుకుంది. ఆయనా బోర్లా పడ్డారు. నాయనమ్మ వెనక్కి తిరిగొచ్చి, ఒక చేత్తో నా జడ, ఇంకో చేత్తో ఆయన కోటు కాలరు పట్టుకుని ఇద్దర్నీ ఈడ్చుకొచ్చి దిబ్బ అంచున పడేసింది. నేను నీళ్ళు కక్కుకుంటూ కళ్ళు తెరిచేసరికి, మాస్టారు నడుముదాకా నీళ్ళలో కూర్చుని ఉన్నారు. పైన కోటు ఉంది. కింద పంచె లేదు. అది తాపీగా తేలుకుంటూ కిక్కిస గడ్డి పొదల్లోకి పోతోంది.

అవతలి గట్టు మీద మగపిల్లలకి ఏం చెయ్యాలో తెలియడం లేదు. కేక వినబడింది, ఎక్కం అయిపోయింది, తిరగొచ్చో లేదో ఎవరూ చెప్పలేదు. మా అన్నయ్య అటే తిరిగి అరిచాడు: "మాస్టారండీ! ఏవైందండీ? తిరగమంటారా అండీ?"

"వద్దురా!" అని కేక పెట్టారు మాస్టారు. అంత గొంతు ఆయనకుందని మాకు తెలీదు. "ఎవరికీ ఏమీ కాలేదు! ఎవడూ తిరగొద్దు! పద్నాలుగో ఎక్కం అందుకోండి!"

వాళ్ళు అందుకున్నారు. "పద్నాలుగు ఒకట్లు పద్నాలుగు..."

"ఏవే పిల్లలూ, మీరూ అటు తిరగండి" అంది నాయనమ్మ. మేము గోడవైపు తిరిగాం, రోజూ ఆయన నిలబడే చోటనే. వెనక నుంచి మాటలు వినబడుతున్నాయి.

"మీరు కూడా లోపలికి వెళ్ళండి మామ్మగారూ, నేను తర్వాత వస్తాను."

"నీళ్ళలో అలా కూర్చోకండి పంతులుగారూ, ఇక్కడ జలగలున్నాయండీ."

ఆయన లేచి పాకలోకి పరిగెత్తిన చప్పుడు మాత్రం విన్నాం. మేము తిరగలేదు, ఒట్టు.

ఈ సంగతి ఆయన ఎన్నడూ దాచుకోలేదు. రిటైరై తాడేపల్లిగూడెంలో కొడుకు దగ్గర ఉన్నప్పుడు నేను వెళ్తే, మనవల్ని పోగేసుకుని మరీ చెప్పేవారు. "నేను దీన్ని కాపాడ్డానికి దిగాను. వీళ్ళ నాయనమ్మ నన్ను కాపాడింది. బడిలో పద్నాలుగో ఎక్కం అందరికీ వచ్చిందంటే ఆ రోజు చలవే" అనేవారు. తన పరువు పోయిన కథ తానే ఇంత ఇష్టంగా చెప్పుకునే పెద్దమనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

కానీ ఆ రోజు నాకు నవ్వు రాలేదు. నాయనమ్మ నన్ను తడిబట్టలతోనే ఇంటికి తీసుకొచ్చింది. ఇంట్లో మా అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. మా నాన్న వేట నుంచి వచ్చి విని, "చాలు, ఇంక ఆ బడి మాట ఎత్తొద్దు" అన్నాడు. తేడా వస్తే పిల్ల ఇంట్లోనే అని నాయనమ్మ ముందే అంది కదా. వచ్చింది తేడా. నా మూలానే వచ్చింది, ఎక్కం వినగానే కంగారుపడి. సాయంత్రం నాయనమ్మ బాబాయి దోనెలో ఎక్కడికో వెళ్ళొచ్చింది. నేను మూల కూర్చుని, ఏలూరు బడి ఎలా ఉంటుందో ఎప్పటికీ చూడను అనుకుంటూ ఉండిపోయాను.

తెల్లారి లేచేసరికి నాయనమ్మ మా అన్నయ్య పంచె ఒకటి తెచ్చి, నాకు గోచీ పోసి బిగించి కట్టింది. మోకాళ్ళ పైకి, మగపిల్లాడిలాగే. నా పరికిణీ మడిచి మూటలో పెట్టింది. మూట తన నెత్తి మీద పెట్టుకుంది. మా నాన్న ఏదో అనబోయాడు. "నీళ్ళకి తగ్గ గుడ్డ కట్టాను. నువ్వూరుకో" అంది ఆవిడ.

వెనకాల ఎక్కం మొదలైంది. ఈసారి నేను చేతులూపుకుంటూ నడిచాను.

మాస్టారు గోడవైపే ఉన్నారు. మేము దిబ్బెక్కాక నాయనమ్మ పిలిస్తే తిరిగారు. ఆవిడ మూట విప్పి, అందులోంచి ముందు ఆయన పంచె తీసింది. కిక్కిస పొదల్లో వెతికి పట్టుకొచ్చి, ఉతికి, గంజి పెట్టింది. మా ఇంట్లో ఎవరూ ఏ గుడ్డకీ గంజి పెట్టి ఎరగరు, కుండలో గంజంతా పోసేసినట్టుంది. పంచె బల్లచెక్కలా నిలబడింది.

"గంజి ఎక్కువైందేమోనండీ, నాకు తెలీదు" అంది నాయనమ్మ. "నిన్న దిగేటప్పుడు మీరు పంచె చూసుకోలేదు, ప్రాణం చూసుకోలేదు. నాకంతే చాలండీ. ఇదిగోండి మీ పంచె. ఇదిగోండి మా పిల్ల."

మాస్టారు రెండు చేతులా పంచె అందుకున్నారు. నేను గోచీ పంచెతో, కాళ్ళ నుంచి నీళ్ళు కారుతూ, బడి గడప దగ్గర ఆగిపోయాను. అలా లోపలికి అడుగు పెట్టకూడదు కదా. ఆయన నా బట్టల వంక చూడలేదు, నా ముఖం చూశారు.

"లోపలికి రామ్మా" అన్నారు.

గడప దాటి వెళ్ళి నా చోట్లో కూర్చుని, గుమ్మంలోంచి చూశాను. నాయనమ్మ గెడ పుచ్చుకుని నీళ్ళలోకి దిగి, ఒక్కతే వెనక్కి నడుస్తోంది. మాస్టారు గోడవైపు తిరిగి నిలబడి ఉన్నారు, బిగుసుకుపోయిన ఆ పంచె రెండు చేతుల మీద అలాగే పట్టుకుని, ఆవిడ అవతలి గట్టు ఎక్కేదాకా.